పనిముట్టునకు ముందు పనిశాల

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పద్యము వ్రాయువానికి గణములు తెలిసియుండవలెను. లెక్క వ్రాయువానికి పద్దుల క్రమము తెలిసియుండవలెను. కంప్యూటరునకు పని చెప్పువానికి ఈ రెండు గుణములును కావలెను. అట్టివాడు వ్రాయు ఆజ్ఞల పాఠమునకు కోడ్ అని పేరు. దానిని వ్రాసి దిద్దుకొనుటకు ఏర్పడిన సాధనము కోడ్ ఎడిటరు. మైక్రోసాఫ్టువారు 2015వ సంవత్సరమున వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ అట్టి ఎడిటరులలో మిక్కిలి వ్యాప్తి గలది. ఇది ఉచితముగా లభించును. ఆ సంవత్సరముననే దాని మూలపాఠమును గూడ ఎల్లరు చూచుటకు వీలుగా బయలుపరచిరి.

ఈ ఎడిటరునందు ఒక విశేషము కలదు. తనలో లేని శక్తిని ఇతరులు తెచ్చి చేర్చుటకు అది చోటు విడిచినది. అట్లు చేర్పబడు చిన్న పనిముట్టునకు ఎక్స్‌టెన్షను అని పేరు. దానిని ఎవ్వరైనను నిర్మింపవచ్చును. కాని పనిముట్టునకు ముందు పనిశాల కావలెను. ఉత్సాహముతో ఉపక్రమించిన యువకులు పెక్కుమంది మొదటి పంక్తి వ్రాయకమునుపే విరమించుకొనుట ఈ పనిశాల అమరక పోవుటవలననే. బుద్ధి చాలక కాదు, అమరిక తెలియక. నేటి ప్రసంగమునకు ఆ అమరికయే విషయము.

మాట గాలిలో పోకుండుటకు ఒక ఉదాహరణము గైకొందురు గాక. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, చంపకమాలకు 21, శార్దూలమునకు 19. పద్యము వ్రాసికొనువాడు ఎడిటరులో ఒక పాదమును గుర్తింపగానే దాని అక్షరసంఖ్య చెప్పు ఎక్స్‌టెన్షను కావలెనని అనుకొందురు. కంప్యూటరును ఊరక అడిగినచో అది తప్పు చెప్పును. "శ్రీ" అనునది ఛందస్సునకు ఒక్క అక్షరము. కంప్యూటరు నాలుగని చెప్పును. ఏలయన 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడ్ పద్ధతిలో శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము వేర్వేరు సంకేతములు. ఆ నాలుగింటిని ఒకటిగా చూడవలెనని తెలుగు తెలిసినవాడే దానికి నేర్పవలెను. కావున ఈ విద్య గ్రామమునకు పరాయిది కాదు.

ఇక అమరిక. ఎడిటరును స్థాపించిన పిమ్మట నోడ్ జేయెస్ అను దానిని స్థాపింపవలెను. 2009లో పుట్టిన ఈ సాధనము జావాస్క్రిప్టు అను కంప్యూటరు భాషను బ్రౌజరునకు వెలుపల నడుపును. దీర్ఘకాలము పోషింపబడునని ప్రకటింపబడిన కూర్పునే ఎన్నుకొనుట మేలు. దానితోపాటు ఎన్‌పీయెం అను భాండాగారి వచ్చును. ఇతరులు చేసియుంచిన పనిముట్లను కోరినచో తెచ్చి ఇచ్చుట దాని పని. దాని ద్వారా యోమన్ అను సాధనమును, ఎక్స్‌టెన్షనుల కొఱకు ఏర్పడిన దాని అచ్చును తెచ్చి "యో కోడ్" అని ఆజ్ఞాపింపగా అది కొన్ని ప్రశ్నలడుగును: ఏ భాషలో వ్రాయుదురు, పేరేమి, ప్రయోజనమేమి. సమాధానములు పూర్తియైన వెంటనే ఒక సంచి నిండ దస్త్రములు సిద్ధమగును. ఇల్లు కట్టువానికి పునాదియు, గోడల గీతలును ముందే వేసి ఇచ్చినట్లుండును.

ఆ దస్త్రములలో రెండు ముఖ్యములు. ప్యాకేజ్ జేసన్ అనునది పట్టిక. ఎక్స్‌టెన్షను పేరు, అది అందించు ఆజ్ఞలు, దానికి కావలసిన ఎడిటరు కూర్పు అందు వ్రాయబడియుండును. రెండవది పని జరుగు పాఠము. పట్టికలో ఆజ్ఞకు ఏ గుర్తు వ్రాసిరో పాఠములోను అక్షరము పొల్లుపోకుండ అదే గుర్తు ఉండవలెను. చిట్టాలోని పద్దు ఆవర్జాలో కనబడనిచో లెక్క నిలువనట్లే, ఈ రెండును కలియనిచో ఆజ్ఞ కనబడలేదని ఎడిటరు మొరపెట్టును.

ఇప్పుడు ఎఫ్ 5 అను మీటను నొక్కవలెను. రెండవ విండో ఒకటి తెరచుకొనును. ఇదియే పరీక్షాశాల. కొత్త ఎక్స్‌టెన్షను ఈ విండోలోనే నడచును. అది కూలినను, వ్రాయుచున్న మొదటి విండో చెక్కుచెదరదు. కంట్రోలు, షిఫ్టు, పీ మీటలను కలిపి నొక్కి ఆజ్ఞల జాబితాను తెరచి, అచ్చుతో వచ్చిన హలో వరల్డ్ ఆజ్ఞను ఎన్నుకొనగా ఒక మూల చిన్న పలకరింపు కనబడును. ఆజ్ఞ జాబితాలోనే లేనిచో భయపడ నవసరము లేదు. పట్టికలో కోరిన ఎడిటరు కూర్పు, స్థాపింపబడిన కూర్పుకంటె కొత్తదేమో ముందుగా చూడవలెను. పాఠమును మార్చినప్పుడెల్ల రెండవ విండోను మరల తెరపింపవలెను. లేనిచో పాత పాఠమే నడచుచుండును.

అక్షరములు లెక్కించు ఉపాయము సులభము. అచ్చులను, హల్లులను లెక్కించి, పొల్లు వెంబడి వచ్చు హల్లును విడిచివేయవలెను. "శ్రీ" ఒకటియగును. "ధర్మము" మూడగును. కాని "రామన్" అని ఇచ్చినచో మూడని వచ్చును, ఛందస్సునకు రెండే. తప్పు ఎచ్చటనో కనుగొనుటకు, పాఠము ఎడమ అంచున నొక్కి ఎఱ్ఱని చుక్క పెట్టవలెను. పరుగు ఆ పంక్తికడ ఆగి, ఆ క్షణమున దేని విలువ ఎంతయో చూపును. పొల్లు తనపై నిలిచి, వెనుక హల్లు లేని నకారమును గూడ లెక్కించిన సంగతి అచ్చట బయటపడును. దానినిగూడ విడువవలెనని చేర్చగా లెక్క సరిపడును.

ఒక హెచ్చరిక. రెండవ విండో గోడయే కాని కోట కాదు. ఎడిటరునకు దస్త్రములపై ఏ అధికారము కలదో ఎక్స్‌టెన్షనునకును అదియే కలదు. పరీక్షించునపుడు కవి స్వహస్తముతో వ్రాసిన ఏకైక ప్రతిని కాక, నకలును తెరచుట వివేకము. అపరిచితులు చేసిన ఎక్స్‌టెన్షనును స్థాపించునపుడును ఇదే జాగ్రత్త వలయును.

భాండాగారినుండి తెచ్చుకొన్న పనిముట్ల విషయమునను మెలకువ అవసరము. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అను 11 పంక్తుల పనిముట్టును దాని కర్త ఉపసంహరించుకొనగా, దానిపై ఆధారపడిన పెక్కు నిర్మాణములు ఒక్కమారుగ ఆగిపోయినవి. పిదప దానిని మరల నిలిపిరి. పరులపై ఆధారపడువాడు ఎవరిపై ఆధారపడెనో వ్రాసియుంచవలెను. ప్యాకేజ్ లాక్ అను దస్త్రము ఆ పని చేయును. ఏ పనిముట్టు, ఏ కూర్పు అనునది అందు నిర్ణయముగ నుండును. తెచ్చిన వస్తువుల సంచి పోయినను నష్టము లేదు. ఆ జాబితా ఉన్నచో మరియొకరు మరియొక యంత్రముపై అదే పనిశాలను తిరిగి నిలుపుకొందురు. జాబితా పోయినచో కట్టినవాడే మరల కట్టుకొనలేడు.

పని ముగిసిన పిమ్మట వీయెస్‌సీఈ అను సాధనముచే సమస్తమును ఒకే దస్త్రముగ మూటకట్టవచ్చును. కర్త పేరు లేనిచో అది అంగీకరింపదు. వివరణపత్రమును దిద్దక అచ్చుతో వచ్చినట్లే విడిచినను అంగీకరింపదు. ఎంతటి ధర్మము! ఆ మూటను పెన్ డ్రైవులో పొరుగూరికి కొనిపోయి, ఇంటర్నెట్టు లేనిచోటను స్థాపింపవచ్చును.

సభాసదులారా, గ్రంథాలయమునకు పుస్తకములు ఎట్లో సూచిక అట్లు. సూచిక లేని వేయి పుస్తకములకంటె సూచిక గల నూఱు మేలు. పనిశాల అమరికను గూడ ఆ దృష్టితో చూడవలెను. గ్రంథాలయమందలి కంప్యూటరుకడ ఈ అమరిక ఒక్కమారు నిలుపబడి, నిలిపిన క్రమము తెలుగులో రెండు పుటలుగా వ్రాయబడి గోడకు అంటింపబడినచో, తరువాత వచ్చు బాలుడు అమరికతో అలసిపోక నేరుగా తన ఊహతో ఆరంభించును. 25 సంవత్సరములు పుస్తకములను చేతినుండి చేతికి అందించిన సంస్థకు ఇది కొత్త సేవ కాదు; పాత సేవకు మరియొక రూపము.

స్వస్తి.