లెక్క ఊరి ముందుకు రావాలి

(మంత్రాలయంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగ పిల్లల చదువంటే మనకు ముందు జాలి గుర్తుకొస్తుంది. నేను జాలి గురించి మాట్లాడను, లెక్క గురించి మాట్లాడతాను. మన మండలంలో ఇలాంటి పిల్లలు ఎందరు? బడికొచ్చేది ఎందరు? ప్రత్యేక టీచరు నెలకు ఎన్ని రోజులు వచ్చారు? ఏడాది గడిచేసరికి పిల్లలు ఏం నేర్చుకున్నారు? ఈ నాలుగింటికీ జవాబు ఊరందరికీ కనపడేలా రాసి ఉన్న బడి గోడ మీరెక్కడైనా చూశారా?

చట్టాలకు కొదవ లేదు. 1995 చట్టమే పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య అంది. 2009 విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి ఈ పిల్లలను స్పష్టంగా అందులో చేర్చారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రతి పిల్ల హాజరునూ, చదువులో ఎదుగుదలనూ, చదువు పూర్తి కావడాన్నీ కనిపెట్టి చూడాలని దాని 16వ సెక్షన్. ఐదేళ్లకోసారి బడి పిల్లల సర్వే జరపాలని 17వ సెక్షన్. అయితే కనిపెట్టి చూసినదాన్ని ఊరికి చెప్పాలని ఆ సెక్షన్లలో లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలో 2004 చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ తన పరిధిలోని ఒక్కో స్కూలు జిల్లా ఈ పిల్లలకు ఎంత చేసిందో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. పరీక్ష సమయానికి చేశారా, మామూలు తరగతిలో ఎందరు కూర్చున్నారు, మధ్యలో మానేసింది ఎందరు - అన్నీ. అక్కడ అన్యాయం లేదని కాదు. అడిగే తల్లి చేతిలో ఒక కాగితం ఉంటుందని.

మన దగ్గరా యూడైస్ లెక్కలున్నాయి. ర్యాంపు ఉందా, మరుగుదొడ్డి ఉందా, ఎందరు చేరారు అన్నది అందులో దొరుకుతుంది. కానీ ర్యాంపు దాకా పిల్ల ఎలా చేరిందో దొరకదు.

ఈ ప్రాంతం సంగతి మీకు తెలుసు. వానలు లేక జనం సుగ్గికి పోతారు, గుంటూరు మిరప చేలకు, కర్ణాటక పత్తి చేలకు. నడవలేని పిల్లను వెంట తీసుకుపోలేరు. పేరు రిజిస్టరులో, పిల్ల అవ్వ దగ్గర. అవ్వకు చేతగాకపోతే పిల్లను చూసుకోడానికి అక్క బడి మానుతుంది. ఇద్దరాడపిల్లల చదువు పోయింది, లెక్కలో ఒక్కటీ కనపడదు. అందుకే ఇది ఆడవాళ్ల సమస్య అంటున్నాను.

భవిత కేంద్రాలు, ఎస్కార్టు భత్యం, ప్రయాణ భత్యం, ఈ ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు - ఇవన్నీ పథకాల్లో ఉన్నవే. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ఇలాంటి పిల్లలకు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక టీచరుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మన మండలంలో ఎంతమందికి ఎంతమంది ఉన్నారో అడుగుదాం.

ఎలా అడగాలో మనకు కొత్త కాదు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి పనుల మస్టర్లను సామాజిక తనిఖీలో ఊరి ముందు చదివించారు. కూలి లెక్కను అలా చదవగలిగినప్పుడు బడి లెక్కను ఎందుకు చదవలేం? విద్యా కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం. వికలాంగ పిల్లల తల్లులకూ అందులో చోటుండాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం అడగకముందే వివరాలు బయటపెట్టడం ఆఫీసుల బాధ్యత.

రెండు జాగ్రత్తలు. ఒకటి, చదవాల్సింది సంఖ్యలే, పేర్లు కాదు. ముఖ్యంగా బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్ల వివరం రచ్చకెక్కితే ఆమెకే ప్రమాదం. ఒకే పిల్ల ఉన్న ఊళ్లో సంఖ్య చెప్పినా పేరు చెప్పినట్టే, అక్కడ మండలం మొత్తం లెక్క చాలు. రెండు, బడిలో ఉన్నవాళ్లనే లెక్కిస్తే, మార్కులు తగ్గుతాయని వెనకబడిన పిల్లను పంపించేసే బడికి మంచి పేరొస్తుంది. కాబట్టి బడి బయట ఉన్నవాళ్ల లెక్కతోనే మొదలుపెట్టాలి.

మీరు ఊళ్లకు తిరిగి వెళ్లాక ఆ నాలుగు ప్రశ్నలు కమిటీ మీటింగులో పెట్టండి. జవాబులు మినిట్స్‌లో రాయించండి. జవాబు లేకపోతే లేదనే రాయించండి. వచ్చే ఏడు అడగడానికి అదే మొదటి కాగితం.