ఓడినప్పటి మాట, గెలిచాక ఓటు

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున చర్చలో ఒక చెల్లెలు అడిగింది. "ఎన్నికల్లో ఓడిపోయిన పార్టీ వాళ్ళు మా సంఘం దగ్గరికొచ్చి, మీ డిమాండ్లు రాసివ్వండి, మా కార్యక్రమంలో పెడతాం అంటున్నారు. ఇవ్వాలా, వద్దా?" అని. దీనికి అవుననో కాదనో ఒక్కమాటలో జవాబు చెప్పలేను. ఒక పార్టీ కథ చెప్తాను. ఇది మన దేశం పార్టీ కాదు, బ్రిటన్ లోని లేబర్ పార్టీ. దూరం నుంచి చూస్తే కొన్ని విషయాలు తేటగా కనిపిస్తాయి.

1979లో లేబర్ పార్టీ ఓడిపోయింది. కన్సర్వేటివ్ పార్టీ నుంచి మార్గరెట్ థాచర్ ప్రధాని అయింది. ఒక స్త్రీ ప్రధాని అయిన ఆ ఏడే పార్లమెంటు దిగువసభకి ఎన్నికైన స్త్రీలు 19 మంది మాత్రమే. సభ్యులు మొత్తం 635 మంది. ఒక స్త్రీ పైకి ఎక్కినంత మాత్రాన స్త్రీలందరూ ఎక్కినట్టు కాదని మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఓడిన పార్టీలో పోరు మొదలైంది. మన ప్రభుత్వం సోషలిజాన్ని వదిలేసింది, అందుకే ఓడిపోయాం అన్నారు టోనీ బెన్ వైపు వాళ్ళు. జనం మధ్యే మార్గం కోరుతున్నారు, మనమే వాళ్ళకి దూరమయ్యాం అన్నారు డెనిస్ హీలీ వైపు వాళ్ళు. 1981లో ఉపనాయకుడి పదవికి వీళ్ళిద్దరూ తలపడితే హీలీ ఒక్క శాతం కంటే తక్కువ తేడాతో గట్టెక్కాడు. అదే సంవత్సరం నలుగురు ప్రముఖులు బయటికి పోయి వేరే పార్టీ పెట్టుకున్నారు. వాళ్ళలో షెర్లీ విలియమ్స్ అనే మహిళా నాయకురాలు కూడా ఉంది. 1983లో లేబర్ కి 27.6 శాతం ఓట్లు, 209 సీట్లే మిగిలాయి. గెలిచిన లేబర్ స్త్రీలు 10 మంది.

ఇది మగ నాయకుల పోరుగానే చరిత్రకెక్కింది. కానీ ఆ గొడవలోనే స్త్రీలు తమ ప్రశ్న ఒకటి లేవదీశారు. సోషలిజం ఎంత ఉండాలో మీరు తేల్చుకోండి గానీ, అభ్యర్థుల జాబితాలో మేమెక్కడ? ప్రతి తుది జాబితాలోనూ కనీసం ఒక స్త్రీ ఉండాలని పార్టీలోని మహిళా కార్యకర్తలు ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళకి ఎప్పుడూ వచ్చిన జవాబు మనం బాగా ఎరిగినదే: ముందు గెలవనివ్వండి, తర్వాత చూద్దాం.

1987లో ఓటమి, 1992లో మళ్ళీ ఓటమి. అప్పటికి నాయకత్వానికి ఒక లెక్క తలకెక్కింది. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే తక్కువగా లేబర్ కి ఓటేస్తున్నారు. అదీ సంగతి! పదేళ్ళుగా న్యాయం పేరు చెప్పి అడిగినదానికి ఓట్ల లెక్క వచ్చాక తలుపు తెరుచుకుంది.

1993 మహాసభలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్తాను, మనకి పనికొచ్చేది అక్కడే ఉంది. కార్మిక సంఘాలు తమ సభ్యులందరి తరఫునా గంపగుత్తగా వేసే ఓటుని తగ్గించి, సభ్యుడికొక ఓటు అనే పద్ధతి తేవాలని నాయకుడు జాన్ స్మిత్ పట్టుబట్టాడు. పెద్ద సంఘాలు వ్యతిరేకించాయి. లేబర్ సభ్యులు ఖాళీచేస్తున్న సీట్లలోనూ, గెలిచే అవకాశమున్న సీట్లలోనూ సగం చోట్ల స్త్రీలే ఉన్న తుది జాబితాల నుంచి అభ్యర్థిని ఎన్నుకోవాలన్న నియమాన్ని కూడా అదే ప్రతిపాదనలో కలిపారు. వ్యతిరేకించాల్సిన ఒక సంఘం స్త్రీల నియమానికి అడ్డుపడలేక ఓటింగుకి దూరంగా ఉండిపోయింది. ప్రతిపాదన స్వల్ప తేడాతో నెగ్గింది. అంటే స్త్రీల డిమాండు గెలిచింది, నాయకత్వాన్నీ గెలిపించింది.

1994లో స్మిత్ చనిపోయాక టోనీ బ్లెయిర్ నాయకుడయ్యాడు. ఉమ్మడి యాజమాన్యమే లక్ష్యమని 1918 నుంచీ పార్టీ నియమావళిలో ఉన్న నాలుగో నిబంధనని 1995లో మార్చేశాడు. 1959 ఓటమి తర్వాత గెయిట్స్కెల్ ప్రయత్నించి చెయ్యలేని పని అది. 1996లో ఇద్దరు మగ ఆశావహులు కేసు వేస్తే, స్త్రీల జాబితాలు లింగ వివక్ష చట్టానికి విరుద్ధమని ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. స్త్రీల కోసం తెచ్చిన చట్టాన్నే స్త్రీల మీదికి తిప్పారు! అయినా అప్పటికే ఎంపికైన వాళ్ళు నిలబడ్డారు. 1997లో లేబర్ నుంచి 101 మంది స్త్రీలు గెలిచారు.

ఆ ఏడు డిసెంబరులోనే పరీక్ష వచ్చింది. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునే తల్లిదండ్రులకి ఇచ్చే అదనపు భత్యాన్ని కొత్తగా అర్జీ పెట్టుకునేవాళ్ళకి తీసేయాలన్నది పాత ప్రభుత్వం ఆలోచన. పాత ఖర్చుల లెక్కకి రెండేళ్ళు కట్టుబడతామని మాటిచ్చిన లేబర్ దాన్నే సభలో పెట్టింది. ఆ ఒంటరి తల్లిదండ్రుల్లో అత్యధికులు తల్లులే. బిల్లు పెట్టిన మంత్రి కూడా స్త్రీయే, హారియట్ హార్మన్. లేబర్ సభ్యుల్లో 47 మంది ఎదురు ఓటేశారు. స్కాట్లండ్ శాఖలో సహాయమంత్రిగా ఉన్న మాల్కమ్ చిషోమ్ రాజీనామా చేశాడు. మొదటిసారి గెలిచిన 65 మంది లేబర్ స్త్రీలలో ఎదురు ఓటేసింది ఒక్కరు, ఆన్ క్రయర్.

ఆ స్త్రీలని తిట్టడానికి నేనిది చెప్పడం లేదు. ఆ ప్రభుత్వమే 1998 బడ్జెట్లో పిల్లల భత్యం పెంచింది, 1999 నుంచి కనీస వేతనం అమలు చేసింది. 2002లో స్త్రీల జాబితాలకి అనుమతిస్తూ చట్టం తెచ్చింది. ఇవి చిన్న విషయాలు కావు. నా ప్రశ్న వేరు. సీట్లు వచ్చిన ఆ కాలంలోనే విధానాలు తేల్చే చోటు మహాసభ నుంచి నాయకత్వం వైపు జరిగిపోయింది. స్త్రీలు గదిలోకి వచ్చే వేళకి నిర్ణయాలు పక్క గదికి వెళ్ళాయి. ఇక ఆ 101 మంది ఎవరికి జవాబుదారీ?

మనకి ఇది కొత్తా? 1992లో దూబగుంట దగ్గర మొదలై నెల్లూరు జిల్లా అంతా పాకిన సారా ఉద్యమంలో నేనూ తిరిగాను. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రతిపక్షం నినాదమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అదే పార్టీ ప్రభుత్వం సడలించింది, ఖజానాకి రాబడి లేదంది. అప్పుడొక ముసలమ్మ నాతో అంది: "ఓడిపోయినప్పుడు మన అరుగు మీద కూచుంటారమ్మా. గెలిచాక వాళ్ళ గేటు దగ్గర మనం నిలబడాలి." చట్టసభల్లో రిజర్వేషన్ల బిల్లు 1996లో పెడితే 2023లో నెగ్గింది, అదీ జనగణనకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టి.

చెల్లెలి ప్రశ్నకి వస్తాను. ఇవ్వండి అనే నా మాట. ఓడిన పార్టీ తలుపు తెరిచి ఉండే కాలం కొద్దిది, వదులుకోకూడదు. అయితే డిమాండ్లు ఇచ్చేటప్పుడు, మనకి సీట్లెన్ని అని మాత్రమే కాకుండా, నిర్ణయాలు ఏ కమిటీలో జరుగుతాయి, అందులో మనవాళ్ళెవరు అని కూడా రాయించుకోండి. ఖజానాలో డబ్బు లేదన్న రోజున ముందు దేనికి కోత పెడతారో ఇప్పుడే అడగండి, జవాబు నలుగురి ముందు చెప్పించండి. మన సంఘం మినిట్స్ పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మనలో ఎవరైనా ఆ పార్టీ టిక్కెట్టు మీద నిలబడితే సంతోషమే, కానీ ఏడాదికొకసారి ఆమె ఈ చాప మీద కూచుని లెక్క చెప్పాలి.

సంఘాన్ని మాత్రం పార్టీలో కలపకండి. వాళ్ళు గెలిచాక కూడా మనకి పని ఉంటుంది.