తల ఊపితే విన్నట్టు కాదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చెప్పిన మాటలు)



ప్రతి ఏడు ఈ సభలో మా పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చెప్పి కూర్చుంటాము. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నయి. ఈసారి మేము చేసిన ఒక తప్పు గురించి, దాన్ని దిద్దుకున్న తీరు గురించి చెప్తాము.

మాది సిరిసిల్ల దగ్గరి ఊరు. పొద్దున లేస్తే సాంచాల చప్పుడే. మా సంఘంలో పది మందిమి. అందరిలో పెద్దామెను పెద్దక్క అంటాము. "నా ముచ్చట చెప్పండ్రి గని పేరు చెప్పకుండ్రి" అన్నది, అందుకే పేరు చెప్తలేము. ముప్పై ఏండ్లు సాంచాల పక్కనే కూర్చుండి కండెలు చుట్టింది.

పోయిన ఏడాది బ్యాంకు లింకేజీ అప్పు వచ్చింది. మీటింగులో ఆమె కిస్తీ నెలకు 1700 అని చదివినాము. "అర్థమైందా అక్కా?" అంటే తల ఊపింది. తీర్మానం పుస్తకంలో సంతకం పెట్టింది. మొదటి నెల 1300 తెచ్చింది. రెండో నెల, మూడో నెల కూడా అంతే. మూడు నెలలకు 1200 తక్కువ పడ్డది.

పైసలు ఉండి కడుతలేదని మేము అనుకున్నాము. జరిమానా వేసినాము. ఒకామె "చెవిటి మాలోకం" అన్నది, అందరం నవ్వినాము. మాట వినబడలేదేమో గాని, మా నవ్వు ఆమెకు కనబడ్డది. ఆ తర్వాత మీటింగుకు రావడం బంద్ చేసింది. రానందుకు ఇంకో జరిమానా వేసినాము.

ఒకరోజు పదో తరగతి చదివే ఆమె మనుమరాలు వచ్చి అడిగింది: "మీరు పదిహేడు వందలు అంటే మా అమ్మమ్మకు పదమూడు వందలు అని వినబడ్డది. అందరు ఒక్కసారే మాట్లాడితే ఆమెకు ఏం తెలుస్తది? తెల్వలేదంటే నవ్వుతారని తల ఊపుతది." మాకు నోట మాట రాలేదు.

ఆశా అక్కతో మాట్లాడి, మాలో ఇద్దరం తోడు పోయి పెద్దక్కను జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించినాము. ఒక చెవిలో గట్టిపడ్డ గుబిలి తీసినారు. తర్వాత చప్పుడు లేని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి వినికిడి పరీక్ష చేసినారు. ఏండ్ల తరబడి పెద్ద చప్పుడులో ఉంటే లోపలి చెవిలోని సన్నటి కణాలు చచ్చిపోతాయట. అవి మళ్లీ పుట్టవు. అందుకే పోయిన వినికిడి మందులతో రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, మిషన్ సాయం తీసుకోవాలి అని చెప్పినారు.

మిషన్ వచ్చినంక కూడా కష్టమే అయ్యింది. గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు అన్నీ మీద పడ్డట్టు ఉన్నదని పెద్దక్క దాన్ని బీరువాలో పెట్టింది. మళ్లీ తీసుకపోతే చప్పుడు సరిచేసి ఇచ్చినారు. మొదట ఇంట్లో రోజుకు గంటసేపు పెట్టుకొని, మెల్లగ పెంచుకోవాలె అన్నరు. ఇప్పుడు పొద్దంతా పెట్టుకుంటది. స్నానం చేసేటప్పుడు, పండుకునేటప్పుడు తీస్తది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే మాత్రం ఇప్పటికీ అందదు. మిషన్ పెట్టుకున్నదని మన బాధ్యత తీరిపోదు.

అందుకే మా మీటింగు పద్ధతి మార్చినాము. గుండ్రంగా కూర్చుంటాము. ఒకరి తర్వాత ఒకరం, ఆమె మా మొహం చూసేటట్టు మాట్లాడుతాము. అరవము. అరిస్తే మాట ఇంకా చెడిపోతది, మెల్లగ, విడివిడిగా చెప్తే చాలు. ప్రతి పైసా లెక్క పలక మీద రాస్తాము. "అర్థమైందా?" అని అడుగుడు మానేసి, "నీ కిస్తీ ఎంతో చెప్పు అక్కా" అని అడుగుతాము. జరిమానాలు రెండూ తిరిగి ఇచ్చి, తప్పు మాదే అని తీర్మానం పుస్తకంలో రాసినాము.

అక్కలారా, చెవుల గురించి మేము తెలుసుకున్నవి కొన్ని మీకూ చెప్తాము.

చెవిలో పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల పెట్టొద్దు. గుబిలి లోపలికి పోతది, కర్ణభేరికి చిల్లు పడొచ్చు. కాచిన నూనె, ఆకు పసరు పోయొద్దు. బస్టాండు కాడ చెవులు తీసేటోళ్ల ముందు కూర్చోవద్దు.

పిల్లలకు చెవి కారితే "అదే తగ్గుతది" అని వదిలిపెట్టొద్దు. పాలు తాగే బిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది దాటినా ఒక్క మాట పలకకపోయినా పరీక్ష చేయించాలె. తొమ్మిది నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య వేసే ఎంఆర్ టీకా తప్పించొద్దు.

పక్కనున్న మనిషికి అరిచి చెప్పవలసి వస్తుందంటే ఆ చప్పుడు చెవికి చేటు. సాంచాల కాడ, మిల్లుల కాడ పనిచేసేటోళ్లు చెవి ప్లగ్గులు పెట్టుకోవాలె. ఉత్త దూది అంతగా ఆపదు. పెండ్లిల్ల డీజే డబ్బాల పక్కన పిల్లలను నిలబెట్టొద్దు.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలె. ఆలస్యమైతే తిరిగి రావడం కష్టం.

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్ వస్తది. అది ఉన్నోళ్లు, ఆదాయం తక్కువైతే, కేంద్రం ఏడిప్ పథకం కింద మిషన్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సమాఖ్యకు మా విన్నపం ఒక్కటే. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. ఆ నెలలో ప్రతి సంఘం ఒక మీటింగు ఈ విషయానికి ఇవ్వాలె. మీ సంఘంలో మీటింగులకు రావడం తగ్గించిన అక్క ఎవరు, అన్నిటికీ తల ఊపే అక్క ఎవరు అని చూడండ్రి. జరిమానా రాసే ముందు ఇంటికి పోయి ఎదురుగ కూర్చుండి అడగండ్రి.

పెద్దక్క ఈ రోజు ముందు వరుసలో కూర్చున్నది. మైకు మాట ఆమెకు సగమే అందుతది. అందుకే ఈ కాగితం ముందే ఆమెకు చూపించినాము. "పాపం పెద్దక్క" అని ఒకచోట రాస్తే కొట్టేసింది. 1200 బాకీ కట్టేసింది, ఆ తర్వాత ఒక్క కిస్తీ తప్పలేదు అని రాయుమన్నది. రాసినాము.