సైకిల్ మీద నిడగల్లుకు

కర్ణాటకలోని పావగడ అనగానే శనిమహాత్ముడి గుడి గుర్తొస్తుంది. దర్శనం కాగానే చాలామంది బస్సెక్కి వెళ్లిపోతారు. ఈసారి సైకిల్ తెచ్చుకోండి.

ముందు ఊరి పక్కనే ఉన్న కోట కొండ చూడండి. తర్వాత నిడగల్లు. తప్పకుండా నిడగల్లు! కరికాల చోళుడి వంశం మాదని చెప్పుకున్న రాజుల రాజధాని అది. ఇప్పుడు చిన్న పల్లె. కొండంతా కోటగోడలు, పాత గుళ్లు. ఇంత చరిత్ర ఇంత దగ్గరుండీ మన పిల్లలు చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఓపికుంటే ఇంకోరోజు సరిహద్దు దాటండి. ఆంధ్రలోని హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. అక్కడి నల్లరాతి స్తంభాలను తీరిగ్గా చూడాలి.

ఇక్కడ ఎండ గట్టిది, నీడ తక్కువ. తెల్లవారకముందే బయల్దేరండి. నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. దారిలో తుమ్మముళ్లుంటాయి, పంక్చర్ సామాను మరవకండి.