ఫ్లోరిన్ పట్టు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్న మాట మీరు వినే ఉంటారు. దాని మూలం ఫ్లోరిన్. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంలో దాన్ని మించిన మూలకం లేదు.

అణువులో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట లేని ఒంటి ఎలక్ట్రాన్ మిగిలితే ఆ అణువును రాడికల్ అంటారు. ఆ ఒంటి ఎలక్ట్రాన్ స్పిన్ ఎక్కడెక్కడ ఎంత పరుచుకుందో శాస్త్రజ్ఞులు కంప్యూటరుతో లెక్కకట్టి, ప్రయోగంతో సరిచూస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. మిథైల్ రాడికల్‌లో కార్బన్ చుట్టూ 3 హైడ్రోజన్లు ఉంటాయి. అది విస్తరాకులా చదునుగా ఉంటుంది. హైడ్రోజన్ల చోట 3 ఫ్లోరిన్లు చేరితే గొడుగులా వంగుతుంది. అప్పుడు కార్బన్ కేంద్రకం దగ్గర స్పిన్ ప్రభావం సుమారు 7 రెట్లు పెరుగుతుంది.

మన నీళ్ళలోని ఫ్లోరైడ్ మాత్రం రాడికల్ కాదు. ఫ్లోరిన్ ఇంకొక ఎలక్ట్రాన్‌ను పట్టుకుని, అన్నిటినీ జంటలు చేసుకుని, స్థిరపడిన రూపం అది. కాచినా ఆవిరై పోదు. నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్ళకు మచ్చలు రావచ్చు. మరీ ఎక్కువైతే, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలూ చెడతాయి. కాబట్టి కాచాం కదా అని నిశ్చింతగా ఉండకండి. మీ బోరునీళ్ళు పరీక్ష చేయించండి.