కూపర్స్‌టౌన్ గుమ్మంలో తొమ్మిదిమంది



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి పిలుస్తూ "బేస్‌బాల్ చరిత్రంతా ఒక గంటలో చెప్పండి" అన్నారు నిర్వాహకులు. మాస్టారు ఉంటే పకపకా నవ్వేవారు. ఒక్క ఆట స్కోరుషీటు చదివి వినిపించడానికే ఆయనకు గంట చాలేది కాదు. మనవాళ్లు చాలామంది క్రికెట్ కళ్లతో ఈ ఆటను చూసి పెదవి విరిచే రోజుల్లో ఆయన పెన్సిలు పట్టుకుని స్కోరు రాయడం నేర్చుకున్నారు. ఏటా జనవరిలో, హాల్ ఆఫ్ ఫేమ్ ఫలితాల వేళకి, మన పత్రికలో ఒక వ్యాసం రాసేవారు. ఆయన సూత్రం ఒక్కటే: అంకెలున్నవాడు అర్హుడు, లేనివాడు కాడు. నా వాదం వేరు. ఓటేసే గదిలో ఎవరు కూర్చున్నారు, వాళ్ల చేతికి ఎన్ని ఓట్లిచ్చారు, అది ముందు చూడండి, అంకెలు తర్వాత చూద్దాం అంటాను. ఆ తగువు మా ఇద్దరి మధ్యా తేలలేదు. ఇవాళ ఆయన వాటా కూడా నేనే మాట్లాడాలి.

డబుల్‌డే కట్టుకథ మీకు తెలిసిందే, దాని మీద సమయం పెట్టను. 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆటను కనిపెట్టాడని చెప్పే అబ్నర్ డబుల్‌డే ఆ ఏడు వెస్ట్ పాయింట్‌లో సైనిక విద్యార్థి. ఆట పుట్టుక తేల్చడానికి వేసిన మిల్స్ కమిషన్ ఒక ముసలాయన ఉత్తరాన్ని నమ్మి 1907 చివర్లో ఆ ఊరికి పట్టం కట్టేసింది. సింగర్ కుట్టుమిషన్ల ఆస్తికి వారసుడైన స్టీఫెన్ క్లార్క్ పక్క పల్లెలో దొరికిన పాత బంతిని అయిదు డాలర్లకు కొన్నాడు. అక్కడినుంచి ప్రదర్శన, ప్రదర్శన నుంచి హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం. 1939 జూన్ 12న తలుపులు తెరిచారు. అంతకు మూడేళ్ల ముందే మొదటి ఎన్నిక జరిగింది. 226 ఓట్లలో టై కాబ్‌కి 222, బేబ్ రూత్‌కీ హోనస్ వాగ్నర్‌కీ చెరో 215. రూత్‌కి ఓటెయ్యని ఆ పదకొండుమంది విలేకరులకు ఆ రోజు ఏం తోచిందో! ఎంపికకు డెబ్భై అయిదు శాతం కావాలన్న నియమం నేటికీ నడుస్తోంది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మేజర్ లీగులు ఎలా నడిచాయో మాస్టారు ఒక సీజను కూడా వదలకుండా చెప్పేవారు. నాకు అది నిద్ర తెప్పిస్తుంది. యాంకీలు గెలిచారు, మళ్లీ యాంకీలే గెలిచారు. ముందుకు వెళదాం. నిజానికి వెనక్కి, 1887కి.

ఆ ఏడాది జులై 14న న్యూఅర్క్‌లో షికాగో జట్టు ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడవలసి ఉంది. అవతలి జట్టులో నల్లజాతి పిచర్ జార్జి స్టోవీ ఉన్నాడు. షికాగో కెప్టెన్ క్యాప్ యాన్సన్ అతను మైదానంలోకి దిగితే ఆడనన్నాడు. స్టోవీ దిగలేదు. యాన్సన్ వల్లే బేస్‌బాల్‌లో వర్ణరేఖ పడిందని 1907లోనే సోల్ వైట్ తన పుస్తకంలో రాశాడు. అప్పటినుంచి ఎందరో అదే రాస్తూ వచ్చారు. అదే రోజు ఇంటర్నేషనల్ లీగ్ జట్ల యజమానులు సమావేశమై, ఇకపై నల్లవాళ్లతో ఒప్పందాలు చేసుకోకూడదని ఓటేశారు. ఆరుగురు అటు, నలుగురు ఇటు. నల్ల ఆటగాళ్లు ఉన్న జట్లు నాలుగూ ఓడిపోయాయి. ఒక నోటిదురుసు కెప్టెన్ మీద పాపమంతా మోపితే ఆ ఆరుగురు హాయిగా తప్పించుకుంటారు. యాన్సన్ ఫలకాన్ని హాల్ నుంచి తీసెయ్యాలనేవాళ్లతో నాకు పేచీ అక్కడే. ఆయన ఫలకం తీస్తే ఆ ఓటు చెరిగిపోతుందా?

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. 1911లో ఇంగ్లండ్ వెళ్లి వంద వికెట్లు పైగా తీసిన పల్వంకర్ బాలూ దళితుడు కావడం వల్ల హిందూ జట్టుకు ఒక్కసారి కూడా కెప్టెన్ కాలేకపోయాడు. అక్కడ కూడా నిర్ణయం మైదానంలో జరగలేదు.

మళ్లీ అమెరికాకు వద్దాం. నల్ల ఆటగాళ్ల కోసం విడిగా కట్టిన నీగ్రో లీగుల పుట్టుక మీలో చాలామందికి తెలుసు. 1920 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీలోని ఒక వైఎంసీఏలో రూబ్ ఫాస్టర్ జట్ల యజమానులను కూర్చోబెట్టి లీగు కట్టాడు. సాచెల్ పెయిజ్, జాష్ గిబ్సన్, కూల్ పాపా బెల్, ఆస్కర్ చార్లస్టన్... ఆ పేర్లు చెబుతూ పోతే ఈ సభ ముగియదు. ఒక్క విషయం మాత్రం చెబుతాను. జాష్ గిబ్సన్ 1947 జనవరి 20న ముప్పై అయిదేళ్లకే చనిపోయాడు. జాకీ రాబిన్సన్ వర్ణరేఖ దాటి బ్రూక్లిన్ తరఫున మొదటి ఆట ఆడింది అదే ఏడాది ఏప్రిల్ 15న.

ఇప్పుడు నా పొలంలోకి వస్తాను. 1966 నుంచి 1977 దాకా పదకొండేళ్లు. నేను ఎక్కువకాలం గడిపింది ఈ కాలంతోనే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

1966 జులై 25న టెడ్ విలియమ్స్ తనను హాల్‌లోకి తీసుకున్న సభలో తన గురించి చెప్పుకోవలసిన చోట పెయిజ్, గిబ్సన్ పేర్లు ఎత్తాడు. వాళ్లకు అవకాశం రాకపోవడమే తప్ప తక్కువేమీ లేదు, ఏదో ఒక రోజు వాళ్లూ ఇక్కడికి రావాలి అన్నాడు. 1970లో రాబర్ట్ పీటర్సన్ నీగ్రో లీగుల మీద మొదటి పెద్ద చరిత్ర గ్రంథం అచ్చు వేశాడు. ఇక తప్పించుకోవడం కుదరలేదు. 1971లో ప్రత్యేక కమిటీ వేశారు. రాయ్ కాంపనెల్లా, మాంటీ ఇర్విన్, జూడీ జాన్సన్ లాంటి ఆటగాళ్లు, వెండెల్ స్మిత్, సామ్ లేసీ లాంటి నల్లజాతి పత్రికల విలేకరులు అందులో ఉన్నారు. వాళ్ల మొదటి ఎంపిక సాచెల్ పెయిజ్.

పెయిజ్‌ని గౌరవిస్తామన్నారు. కానీ ఎక్కడ? కాబ్, రూత్ ఫలకాలున్న హాలులో కాదు, వేరే ఒక మూల. కారణం అడిగితే నిబంధన చూపించారు. హాల్‌కి అర్హత రావాలంటే మేజర్ లీగుల్లో పది సీజన్లు ఆడాలి. పెయిజ్‌కి ఆ తలుపు తెరుచుకున్నది 1948లో, నలభై రెండేళ్ల వయసులో. అక్కడ ఆయన కనిపించినవి ఆరు సీజన్లే. ఆ ఆరో సీజను 1965లో, యాభై తొమ్మిదేళ్లప్పుడు. ఆ రోజు మూడు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్ ఇచ్చాడు. పత్రికలు మండిపడ్డాయి. ఆటలో వేరు పెట్టింది చాలక గోడ మీద కూడా వేరు పెడతారా అని రాశాయి. జులైకల్లా హాల్ వెనక్కి తగ్గింది. ఆగస్టులో పెయిజ్ ఫలకం అందరి ఫలకాల పక్కనే వేలాడింది.

ఇక్కడే నాకూ కొందరు చరిత్రకారులకూ చాలాకాలంగా నడుస్తున్న తగువు. కమిషనర్ బోవీ కూన్ తర్వాత ఆత్మకథ రాసుకుంటూ, వేరే మూల అన్నప్పుడే జనం ఊరుకోరనీ, ఆ ఒత్తిడితో అసలు తలుపు తెరుచుకుంటుందనీ తనకు ముందే తెలుసన్నట్టు చెప్పాడు. దాన్ని చాలామంది నమ్మి, కూన్ కావాలనే ఎత్తు వేశాడని రాశారు. ఇల్లు తగలబడ్డాక, చలి కాచుకోవడానికే నిప్పు పెట్టానని చెప్పుకున్నట్టుంది ఇది. నిబంధనే అసలు కారణమైతే ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. తెల్లజాతి పిచర్ ఆడీ జాస్ తొమ్మిది సీజన్లు ఆడి 1911లో జబ్బుతో చనిపోయాడు. గొప్ప పిచరే, కాదనను. 1978లో ఆయన్ని హాల్‌లోకి తీసుకున్నారు. పది సీజన్ల నియమం ఆయన కోసం వంగింది. 1971లో ఇనప కడ్డీలా ఉన్నది 1978 నాటికి ఎందుకు మెత్తబడింది? ఈ ప్రశ్నకు కూన్ పక్షం వాళ్లెవరూ నాకు జవాబు చెప్పలేదు.

ఆ తర్వాతి కథ ఇంకా చేదు. 1972లో గిబ్సన్, బక్ లెనర్డ్. 1973లో ఇర్విన్, తర్వాత కూల్ పాపా బెల్, జూడీ జాన్సన్, చార్లస్టన్. 1977లో క్యూబావాడు మార్టిన్ డిహిగో, షార్ట్‌స్టాప్ పాప్ లాయిడ్. మొత్తం తొమ్మిదిమంది. అక్కడితో కమిటీని మూసేశారు. తొమ్మిదిమంది అంటే సరిగ్గా ఒక జట్టు! ఉన్న మేటివాళ్లందరినీ తీసుకున్నాం, ఇక పని లేదన్నది నాటి మాట. రూబ్ ఫాస్టర్ ఇంకా బయటే ఉన్నాడు. స్మోకీ జో విలియమ్స్, బుల్లెట్ రోగన్, టర్కీ స్టర్న్స్, విల్లీ వెల్స్ బయటే ఉన్నారు.

అదే సమయంలో పక్క గదిలో, పాత ఆటగాళ్లను ఎంచే వెటరన్స్ కమిటీ ఏం చేస్తోందో తెలుసా? ఫ్రాంకీ ఫ్రిష్, బిల్ టెరీ కూర్చున్న ఆ కమిటీ వాళ్ల పాత సావాసగాళ్లను ఒక్కొక్కళ్లనే లోపలికి లాక్కుంది. జెస్సీ హెయిన్స్, డేవ్ బాంక్రాఫ్ట్, చిక్ హేఫీ, రాస్ యంగ్స్, జార్జి కెల్లీ, జిమ్ బాటమ్లీ, ఫ్రెడ్డీ లిండ్‌స్ట్రామ్. ఏడుగురూ వాళ్ల పాత జట్లు జెయింట్స్ లేదా కార్డినల్స్‌లో ఆడినవాళ్లే. జార్జి కెల్లీకి విలేకరుల ఎన్నికల్లో ఏనాడూ రెండు శాతం దాటలేదు. అంకెలే కొలమానం అనే మాస్టారు కెల్లీ దగ్గర మాత్రం మాట మార్చేవారు. "నువ్వు కెల్లీని ఎప్పుడూ తెస్తావు" అని విసుక్కునేవారు. తెస్తాను మరి. 1970 నుంచి 1976 దాకా పాత స్నేహాల ఊపులో ఆ గదిలో జరిగిన ఎంపికలు ఏడు. అర్ధశతాబ్దం వేరుగా బతికిన ఒక లోకం మొత్తానికి ఏడేళ్లలో దొరికినవి తొమ్మిది. ఫ్రిష్ గదిలో ఎవరైనా "ఇక చాలు, జట్టు నిండింది" అన్నారా?

నీగ్రో లీగులకు రికార్డులు లేవు కాబట్టి ఆగారనే వాదన ఒకటుంది. రికార్డులు లేకపోవడం వేరు, వెతకకపోవడం వేరు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్, బాల్టిమోర్ ఆఫ్రో అమెరికన్ వారం వారం స్కోర్లు వేశాయి. కొన్ని ఆటలు దొరకవు, నిజమే. కానీ పాత సంచికలు తిరగేసి, ఒక్కో ఆటా ఏరి, పరిశోధకులు కట్టిన లెక్కలే ఇవాళ అధికారిక లెక్కలయ్యాయి. ఆ పని 1977లో ఎవరూ చెయ్యమనలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. పది నిమిషాలట. ఎనభైలు, తొంభైలు వదిలేస్తున్నాను. ఫాస్టర్ 1981లో వచ్చాడు, మిగతావాళ్లు 1997 నుంచి 2000 దాకా ఏడాదికొకరుగా. 1995లో లియాన్ డే తాను ఎన్నికైన కబురు ఆసుపత్రి మంచం మీద విని, వారం తిరక్కుండా పోయాడు. ఇది మాత్రం చెప్పకుండా వదలలేను.

2006లో పన్నెండుమంది పరిశోధకుల కమిటీ ముప్పై తొమ్మిది పేర్లు పరిశీలించి పదిహేడుగురిని ఎన్నుకుంది. జట్టు యజమానురాలు ఎఫా మాన్లీ హాల్‌లో చోటు పొందిన మొదటి మహిళ. "ఒకేసారి పదిహేడుగురా" అన్నవాళ్లున్నారు. వాళ్లకు నేను కెల్లీని గుర్తు చేస్తాను. కానీ పదిహేడుగురూ చనిపోయినవాళ్లే. బతికున్న బక్ ఓనీల్‌కీ, మిన్నీ మిన్యోసోకీ ఓట్లు చాలలేదు. కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి ఆడి, ఆ జట్టును నడిపి, 1962లో మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి కోచ్ అయి, ఊరూరా తిరిగి ఈ కథలు బతికించిన తొంభై నాలుగేళ్ల మనిషి ఓనీల్. ఆ జులైలో ఆయనే కూపర్స్‌టౌన్ వేదికెక్కి, ఎన్నికైన పదిహేడుగురి తరఫున మాట్లాడి, జనం చేత పాట పాడించాడు. అక్టోబరులో పోయాడు. ఆయన్ని, మిన్యోసోని 2021 డిసెంబరులో ఎన్నుకున్నారు.

2020లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఏడు నీగ్రో లీగులకు మేజర్ హోదా ఇచ్చింది. 2024 మేలో లెక్కలు కలిపారు. జీవితకాల బ్యాటింగ్ సగటులో జాష్ గిబ్సన్ .372తో టై కాబ్‌ని దాటాడు. 1943లో ఆయన .466 ఒక సీజను రికార్డయింది. చిన్న సీజన్ల లెక్క చెల్లదన్నవాళ్లకు ఒకటే మాట: 2020లో కరోనా వల్ల అరవై ఆటలే ఆడారు, ఆ ఏటి బ్యాటింగ్ ఛాంపియన్లను ఎవరైనా కొట్టేశారా?

ఇంకో చీటీ. సరే, ఉత్ప్రేరకాల వివాదంలో పడ్డ బాండ్స్, క్లెమెన్స్ సంగతి వదిలేస్తాను, మీరు రోజూ వాదించుకునేదే. నాకు ముఖ్యమైంది చివరి గది. 2021లో తొలికాలం ఆటగాళ్ల కమిటీలో పదహారుమంది, తలా నాలుగు ఓట్లు. పన్నెండు ఓట్లు వస్తే చాలు. హోమ్‌స్టెడ్ గ్రేస్‌ని ఏళ్లతరబడి గెలిపించిన మేనేజర్ విక్ హారిస్‌కి పది వచ్చాయి. పల్లెపల్లెకూ తిరిగి ఆడిన ఎడమచేతి పిచర్ జాన్ డొనాల్డ్‌సన్‌కి ఎనిమిది. చిన్న ఊళ్ల పత్రికల్లోంచి ఆయన గెలుపులు నాలుగు వందలకు పైగా వెతికి పట్టుకున్నారు అభిమానులు. తర్వాత నిబంధన మార్చి, వాళ్లను 1980కి ముందు ఆడిన తారలతో ఒకే ఎనిమిది పేర్ల జాబితాలో కలిపారు. ఓట్లు తలా మూడుకి కుదించారు. అంటే మొత్తం నలభై ఎనిమిది ఓట్లు, ఎంత చేసినా నలుగురికి మించి గెలవలేరు. 2024 డిసెంబరులో డేవ్ పార్కర్, డిక్ ఆలెన్ వచ్చారు, వాళ్లు అర్హులే. హారిస్‌కీ, డొనాల్డ్‌సన్‌కీ అయిదు ఓట్లు కూడా రాలేదు. మూడేళ్లలో వాళ్ల అంకెలేమీ మారలేదు, మాస్టారూ.

ఈ కమిటీ మళ్లీ కూర్చునేది 2027 డిసెంబరులో. జూదం కారణంగా పడిన నిషేధం 2025లో తొలగింది కాబట్టి ఈసారి పీట్ రోజ్, షూలెస్ జో జాక్సన్ పేర్లు కూడా ఆ ఎనిమిదిలోకి రావచ్చు. అవే పదహారు కుర్చీలు, తలా అవే మూడు ఓట్లు. జాబితా వెలువడగానే అందులో హారిస్ పేరుందో లేదో చూడండి. ప్రశ్నలుంటే బయట టీ దగ్గర అడగండి, అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు.