ఛాయాచిత్రకళ – రాజా దీన్‌దయాళ్ ఓరుగల్లు చిత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఓరుగల్లు కోటలోని తోరణములు, హనుమకొండ వేయిస్తంభముల గుడి నూరేండ్లకు పూర్వము ఎట్లుండెనో నేటివారు చూడగలుగుటకు కారకులైనవారిలో రాజా దీన్‌దయాళ్ ముఖ్యుడు. 1880 దశకమున ఆయన ఈ శిథిలముల నడుమ కెమెరా నిలిపి చిత్రములు తీసెను.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో నక్షాలు గీయు కొలువున చేరెను. ముప్పదవ యేట, 1874 ప్రాంతమున, ఛాయాచిత్రకళ చేపట్టెను. తరువాత హైదరాబాదు చేరి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదమును పొందెను. 1905లో మరణించెను.

ఆ కాలమున కెమెరా జేబులో పట్టు వస్తువు కాదు. అది కొయ్యపెట్టె, దానికి మూడుకాళ్ల స్టాండు, గాజుపలకల పెట్టెలు తోడు. చిన్న పలకను పెద్ద చిత్రముగా చేయు సౌకర్యము అప్పుడంతగా లేదు. కాగితమును పలకకు ఆనించి ఎండలో ఉంచి అచ్చు తీసెడివారు. ఎంత పలకయో అంతే చిత్రము. గోపురమును పెద్దదిగా చూపవలెనన్నచో పెద్ద పలకను, దానికి తగిన పెద్ద కెమెరాను మోయక తప్పదు.

మొదటి రోజులలో తడి పలకలు వాడెడివారు. గాజుకు మందు పూసి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. ఇందుకై చీకటి గుడారము వెంట నుండవలెను. 1880 నాటికి ఎండు పలకలు అంగళ్లలో దొరకసాగినవి. వానిని ముందే కొని దాచుకొని, చిత్రము తీసి, ఇంటికి వచ్చి తీరికగా కడుగవచ్చును. గుడారము బరువు తగ్గినది; దూరపు అడవులకు, కొండలకు పోవుట సుకరమైనది. 1886లో రైలు వరంగల్లుకు, 1889లో బెజవాడకు సాగుటయు ఇట్టి పనికి మేలు చేసెను.

రాతికట్టడము కదలదు. కాని వెలుగు కదలును. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు శిల్పము చదునుగా కనబడును. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండలో ప్రతి పువ్వు, ప్రతి హంస నీడతో కూడి పైకి తేలును. కనుక ప్రకృతి దృశ్యములకును, శిల్పములకును కావలసిన మొదటి పరికరము ఓర్పు. రెండవది కదలని స్టాండు.

క్రీడల చిత్రణము వేరు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి అనునతడు పరుగెత్తు గుర్రమును పట్టుటకై వరుసగా పండ్రెండు కెమెరాలు నిలుపవలసివచ్చెను. ఆనాటి దొరలకు, నవాబులకు వేటయే గొప్ప క్రీడ. నెక్కొండ అడవులలో విడిది వేసి 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జన్ ప్రభువు పులులను వేటాడెను. కర్జన్ దంపతులు చచ్చిన పులి చెంత నిలిచిన దీన్‌దయాళ్ చిత్రము లోకప్రసిద్ధము. దుముకుచున్న పులిని పట్టగల వేగము ఆ బరువైన కెమెరాకు లేదు. వేట ముగిసిన పిమ్మట నిశ్చలముగా నిలిచినవారినే అది పట్టెను.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. ఆ చిత్రము క్రింద ప్రభువు పేరు, నెక్కొండ పేరు నిలిచినవి. అడవిలో తప్పెట్లు కొట్టుచు, కేకలు వేయుచు పులిని తుపాకి ముందుకు తరిమెడి పల్లెవారి పేర్లు ఇట్టి చిత్రముల క్రింద వ్రాయబడలేదు. నైజాము రాజ్యమున వెట్టిచాకిరి సాగిన కాలమది. ప్రాణమునకు తెగించినవాడు పేరులేనివాడాయెను. ఈ లోపము కెమెరాది కాదు. పేరు అడిగి వ్రాసికొననివారిది.

నేడు ప్రతి ఇంట కెమెరా కలదు. దానిని కొనగోరు యువకులు ధరను కాక పనిని చూచి కొనవలెను. చెరువుగట్లు, పంటపొలములు తీయదలచినవానికి విశాలదృశ్యమును పట్టు కటకము, గట్టి స్టాండు చాలును. సాయంకాలపు కబడ్డీ ఆట తీయదలచినవానికి మసకవెలుగులో సైతము ఎక్కువ కాంతిని లోనికి రానిచ్చు కటకము, సెకనులో వెయ్యవవంతు తెరచి మూయగల షట్టరు మేలు. ఏ పని యనునది తేలనిదే ఎంత ఖరీదైన పరికరమైనను బరువే.

చిత్రము తీయుటతో పని ముగియదు. దీన్‌దయాళ్ గాజుపలకలు 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పనారంభించి, రాళ్లకు అంకెలు వేసి, తిరిగి పేర్చి, 2024లో తెరచిరి. అంకె వేసిన రాయి తన చోటు చేరినది. పేరు వ్రాయని ఛాయాచిత్రమునకు అట్టి భాగ్యము లేదు.

గ్రామములోని ఇండ్లలో పెండ్లి పటములు, బడి పటములు, ఆటల పోటీల పటములు పెట్టెల అడుగున కలవు. అందలి ముఖములను గుర్తింపగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. వారుండగనే గ్రంథాలయము ఈ పని చేయవలెను. ప్రతి పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. పాలేరు పేరు, దొర పేరు ఒకే తీరున వ్రాయవలెను. చెమ్మయు, ఎండయు తగులనిచోట దాచవలెను.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారు పుస్తకమును సామాన్యుని చేతికి తెచ్చిరి. సామాన్యుని పేరును పుస్తకములోనికి చేర్చుట ఈనాటి గ్రంథాలయము వంతు. రజతోత్సవ సంవత్సరమున ఇంటికొక పటమైనను ఈ బల్ల మీదికి చేరుగాక!